తడి కొంగు

1991 ఎండాకాలం. కల్లూరులో మా ఇంటి ముందుగదిలో చాప మీద కొత్త దుప్పటి పరిచి నన్ను కూచోబెట్టారు. హైదరాబాద్ నుంచి చూపులకొచ్చారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు.

పొద్దున్నుంచీ అమ్మీ నా మొహం మీద పని చేస్తూనే ఉంది. శనగపిండి, పసుపు, పాలమీగడ కలిపి నలుగు పెట్టింది. ముల్తానీ మట్టి పూసి ఆరబెట్టింది. కడిగాక అఫ్ఘాన్ స్నో రాసింది. దాని మీద పాండ్స్ పౌడరు రెండుసార్లు అద్దింది. "కదలకు బేటీ, చెమట పడితే చారలు కడతది" అంటూ విసనకర్రతో విసురుతూ కూచుంది. కరెంటు లేదు. రేకుల కింద గది పొయ్యిలాగుంది.

వచ్చినవాళ్ళలో అబ్బాయి ఫూపీ పెద్దమనిషి. నా చదువు అడిగింది. ఖురాన్ ఎన్నిసార్లు పూర్తి చేశావంది. వంట వచ్చా అంది. అన్నిటికీ చెప్పాను. తర్వాత నన్ను పక్కకి పిలిచి కూచోబెట్టుకుంది. నేనే తెచ్చిచ్చిన మంచినీళ్ళ గ్లాసులో తన కొంగు అంచు ముంచి, నా ఎడమ చెంప మీద పెట్టి రుద్దింది. ఏదో మరక తుడిచినట్టు, తీరిగ్గా రుద్దింది. కొంగు తీసి చూసుకుంది. తెల్లగా పౌడరు. నా చెంప వంక చూసింది.

"రంగ్ దబా హువా హై" అంది. రంగు అణిగి ఉందట.

గదిలో ఎవరూ ఏమీ అనలేదు. అబ్బా గోడ మీది క్యాలెండర్ వంక చూస్తున్నాడు. అమ్మీ వంటింటి తలుపు చాటున నిలబడి ఉంది. వాళ్ళు భోజనం చేసి వెళ్ళారు. వారానికి ఉత్తరం వచ్చింది. జోడే కీ రఖం కూడా మేం ఇవ్వలేనంత అడిగారు. అది వేరే సంగతి. నాకు గుర్తుండిపోయింది రఖం కాదు, ఆ తడి కొంగు. ముప్ఫై ఏళ్ళు దాటినా నా ఎడమ చెంప మీద ఆ చల్లదనం అప్పుడప్పుడూ తగుల్తూనే ఉంటుంది.

*

ఇప్పుడు నాకు కల్లూరులోనే చిన్న బ్యూటీ పార్లరుంది. ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే రోడ్డు మీద వైరా, తల్లాడ దాటితే మా ఊరు. ఇటు తిరువూరు వైపు పోతే ఆంధ్ర. పైకి పోతే కొత్తగూడెం, భద్రాచలం అడవులు. 2016లో కల్లూరు రెవెన్యూ డివిజన్ అయ్యాక ఊరికి ఆఫీసులొచ్చాయి, అద్దెలు పెరిగాయి. ఎండ మాత్రం మారలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి మా వైపు. పెళ్ళిళ్ళేమో ఆ ఎండల్లోనే!

నా దగ్గరికొచ్చే ప్రతి పెళ్ళికూతురూ ఒకటే అడుగుతుంది. "ఆపా, పొద్దున వేస్తే రాత్రి దాకా నిలవాలె. చెమటకి కారొద్దు. మొకం మాత్రం మెరవాలె, సున్నం కొట్టినట్టుండొద్దు." ముస్లిం పిల్లా అదే అంటుంది, హిందూ పిల్లా అదే అంటుంది, చర్చిలో పెళ్ళి చేసుకునే పిల్లా అదే అంటుంది. కాకపోతే ఒకరు నన్ను ఆపా అంటారు, ఒకరు అక్కా అంటారు.

నిలవాలి, మెరవాలి. వినడానికి చిన్న కోరికే. అయితే ఈ రెండూ ఒకదానికొకటి పడవు. నిలవాలని పౌడరు పెంచితే మెరుపు చస్తుంది. మెరవాలని నూనె, క్రీము పెంచితే గంటలో జారిపోతుంది. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే నా బతుకుతెరువు. ఆలోచిస్తే, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మా ఇంటి బతుకు కూడా అదేననిపిస్తుంది.

మా అమ్మీకి పార్లరు లేదు. సర్టిఫికెట్టు లేదు. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ముస్లింల ఇళ్ళల్లో పెళ్ళంటే అమ్మీ ఉండాల్సిందే. మాంజా రోజు పిల్లకి పూసే చిక్సా ఆమె చేత్తోనే తయారయ్యేది. కచ్చూరాలు, బావంచాలు, మెంతులు, ఎండు గులాబీ రేకులు, గంధప్పొడి విడివిడిగా దంచి, పల్చటి బట్టలో జల్లించి కలిపేది. సాంచక్ నాడు చేతులకి మెహందీ పెట్టేది. నికా రోజు పాపిట్లో అఫ్షాన్ చమ్కీ అద్దేది. చిక్సా వాసన మా ఇంటి గోడలకి కూడా పట్టి ఉండేది.

హిందువుల ఇళ్ళవాళ్ళూ పిలిచేవాళ్ళు. "బూబమ్మా, మా పిల్లకి నీ సున్నిపిండి కొంచెం చేసిపెట్టవా" అని. చిక్సా అన్నా సున్నిపిండి అన్నా ఆమెకి ఒకటే రోలు, ఒకటే రోకలి. మా పెళ్ళిళ్ళలో పిల్ల మెడలో నల్లపూసల లచ్చా కడతాం. వాళ్ళ పెళ్ళిళ్ళలోనూ నల్లపూసలుంటాయి. అటు భద్రాచలంలో రాముడి పెళ్ళి తలంబ్రాల్లో గులాల్, అత్తరు కలుపుతారు. తానీషా కాలం నుంచి వస్తున్న ఆచారమని చెప్పుకుంటారు. దేవుడి పెళ్ళికే పట్టింపు లేని అత్తరు మనుషుల పెళ్ళికి ఎందుకు కాకూడదు? కల్లూరులో చాలాకాలం ఆ ప్రశ్న పుట్టలేదు.

ఇంకో మాట చెప్పాలి. మొహం మీద మట్టి పూసుకోవడం అందరికీ ఇష్టమే. ఆ మట్టి పేరు ముల్తానీ మట్టి. ముల్తాన్ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. "మీరు పాకిస్తాన్ పొండి" అని మాతో అన్నవాళ్ళ ఇళ్ళల్లో కూడా అద్దం పక్కన ఆ పొట్లం ఉంటుంది. మా అమ్మీ రాసిన అఫ్ఘాన్ స్నో అఫ్ఘానిస్తాన్ నుంచి రాలేదు. ఇ.ఎస్. పటన్‌వాలా అనే ముస్లిం వ్యాపారి 1919లో బొంబాయిలో మొదలుపెట్టిన క్రీము అది. మంచు పేరు పెట్టుకున్న ఆ సీసాని ఈ దేశంలో ఎన్ని మతాల ఆడవాళ్ళు మొహాన రాసుకోలేదు! మట్టికీ క్రీముకీ అడగని గుర్తింపు కాగితాలు మమ్మల్ని మాత్రం అడుగుతారు.

*

1992 డిసెంబర్. 6న బాబ్రీ మసీదు కూల్చేశారు. హైదరాబాద్‌లో గొడవలు, కర్ఫ్యూ. మా ఊళ్ళో ఏమీ జరగలేదు. కానీ సందుల్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మీ వెళ్తే మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగిపోయేవాళ్ళు. ఫిబ్రవరిలో పెళ్ళి పెట్టుకుని సున్నిపిండి చెప్పిన ఒక ఇంటివాళ్ళు మనిషిని పంపి వద్దన్నారు. కారణం చెప్పలేదు. అమ్మీ అడగలేదు. దంచిన కచ్చూరాలు డబ్బాలో పోసి మూత పెట్టింది.

ఆ రోజుల్లోనే అబ్బాకి గుండె నొప్పి వస్తే ఖమ్మం ఆస్పత్రిలో చేర్చారు. మేం బస్సులో పోవాలి. దారి పొడుగునా ఏముంటుందో తెలీదు. పక్కింటి అక్క వచ్చింది. ఆమె చెడ్డమనిషి కాదు. మా ఇంట్లో ఈద్ షీర్ ఖుర్మా తిని పెరిగిన మనిషి. "పిన్నీ, బురఖా తీసి సంచిలో పెట్టుకో. ఎందుకైనా మంచిది" అంది. తన అద్దానికి అంటించి ఉన్న బొట్టు బిళ్ళలు రెండు తెచ్చింది. ఒకటి నాకు పెట్టింది, ఒకటి అమ్మీకి పెట్టింది. పెడుతున్నప్పుడు ఆమె చెయ్యి వణికింది. అమ్మీ కళ్ళు మూసుకుని నుదురు చూపించింది. ఎంతమంది పెళ్ళికూతుళ్ళు అమ్మీ ముందు అలా కళ్ళు మూసుకుని కూచున్నారో!

బస్సులో మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. నిజం చెప్పాలి కదా. కానీ తల్లాడ దాకా నేను నుదురు తడుముకుంటూనే ఉన్నాను. డిసెంబర్ చలిలో కూడా నాకు చెమట పట్టింది. జిగురు ఊడితే? ఆ రోజు ఆ బిళ్ళ నిలవాలి. నా జన్మలో ఏ మేకప్పూ అంతగా నిలవాలని కోరుకోలేదు.

వైరా దగ్గర ఎక్కిన ముసలమ్మ అమ్మీ పక్కన కూచుంది. కాసేపటికి మామూలుగా అందరూ అడిగేదే అడిగింది. "మీరేవిట్లమ్మా?"

కులం అడిగింది. ఆ మాటలో దురుద్దేశం లేదు. మా వైపు బస్సుల్లో పలకరింపే అది. చుట్టుపక్కల సగం ఊళ్ళ పెళ్ళికూతుళ్ళకి నలుగు పిండి దంచిన అమ్మీకి జవాబు దొరకలేదు. కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత అంది:

"మేం కల్లూరోళ్ళమమ్మా."

ముసలమ్మ సరేనంది. మిర్చి రేటు గురించి మాట్లాడింది.

ఆస్పత్రి వరండాలో అమ్మీ ఇద్దరి బిళ్ళలూ పీకేసి నుదురు కడుక్కుంది. అయినా జిగురు పోలేదు. గుండ్రంగా మరక మిగిలింది. అబ్బా మంచం మీద నుంచి చూశాడు. ఏమిటని అడగలేదు. తలకింది తువ్వాలు అంచు గ్లాసులో తడిపి, అమ్మీని దగ్గరికి రమ్మని సైగ చేసి, మెల్లగా తుడిచాడు. ఆడపిల్ల చెంప మీద రుద్దిన తడి కొంగు చూశాను. నుదురు తుడిచిన తడి తువ్వాలు చూశాను. రెండూ నీళ్ళే, రెండూ బట్టే.

*

బయటివాళ్ళ మాటే చెప్పి ఊరుకుంటే అది సగం నిజం. మా లోపలి మాట కూడా చెప్పుకోవాలి.

ఆ హైదరాబాద్ ఫూపీ నా చెంప ఎందుకు రుద్దింది? తెల్లగా ఉంటే మేం ఎక్కడో అరబ్బు నుంచో ఇరాన్ నుంచో వచ్చినవాళ్ళమట, అస్లీ ముసల్మాన్లమట. నల్లగా ఉంటే ఇక్కడ మతం మారినవాళ్ళమట. నమాజులో భుజం భుజం కలిపి నిలబడతాం. సంబంధం దగ్గరికొచ్చేసరికి సయ్యద్ వేరు, పఠాన్ వేరు, దూదేకుల వేరు. మా ఉర్దూ వింటే పట్నం చుట్టాలు నవ్వుతారు, గావ్‌వాలియాఁ అంటారు. తెలుగు మాట్లాడితే బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు. "అరె, మీకు తెలుగు ఎంత బాగా వచ్చిందమ్మా!" అంటారు. కల్లూరులో పుట్టినదానికి తెలుగు రాక ఏం వస్తుంది? "మీరు ముస్లిమ్స్‌లాగే ఉండరు" అని ఒకామె నా కుర్చీలో కూచుని అంది. మెచ్చుకోలనుకుంది పాపం.

అందుకని ఒకరి ముందు తెలుగు పూత, ఒకరి ముందు ఉర్దూ పూత, పెళ్ళిచూపుల ముందు తెలుపు పూత. ఏ పూత ఎక్కడ తడి తగిలి ఊడుతుందోనని భయం. 1991లోనే ఖాదర్ మొహియుద్దీన్ తన దీర్ఘ కవితకి 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టారు. చాలా ఏళ్ళ తర్వాత దాన్ని చదివాను. ఆ పేరు చూడగానే నా చెయ్యి చెంప మీదికే పోయింది. పుట్టుమచ్చ మీద ఎంత పూసినా సాయంత్రానికి బయటపడుతుందని మా పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు.

మొదటి అజాన్ ఇచ్చిన బిలాల్ నల్లనివాడు. ఈ సంగతి మా పిల్లలకి మదరసాలో చెబుతాం. ఇంటికొచ్చి శనగపిండి కలుపుతాం!

ఇది రాస్తున్న నా చేతులు మాత్రం శుభ్రమా? కాదు. ఇక్కడే నా తప్పు చెప్పుకోవాలి.

*

పెళ్ళయ్యాక నేను ఖమ్మంలో పార్లరు పని నేర్చుకుని 2001లో ఇంట్లోనే ఒక గదిలో మొదలుపెట్టాను. చెల్లెలు నాకంటే పదేళ్ళు చిన్నది. నాకంటే ఒక రంగు ఎక్కువే చామన. దానికి సంబంధాలు చూస్తున్నారు. నాకు తడి కొంగు గుర్తొచ్చింది. నాకు జరిగింది దానికి జరగకూడదనుకున్నాను. 2004లో ఒక ట్యూబు తెచ్చి దాని చేతిలో పెట్టాను. రాత్రి పూట రాసుకో, తెల్లబడతావు అన్నాను. పౌడరు తుడిస్తే పోతుంది, చర్మమే తెల్లబడితే ఎవరు తుడుస్తారు?

నెలలో మొహం అద్దంలా మెరిసింది. ఇంటికొచ్చినవాళ్ళంతా ఏం రాస్తున్నావని అడిగారు. నేను ఇంకో నాలుగు ట్యూబులు తెప్పించి నలుగురికి అమ్మాను. సంబంధం కూడా కుదిరింది. 2005 మేలో నికా అనుకున్నారు. జనవరికల్లా చెల్లెలి బుగ్గలు ఎర్రగా కందడం మొదలైంది. చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు కనిపించాయి. చెంపల మీద నూగు పెరిగింది. ఎండలోకి పోతే మంట. రాయడం ఆపితే రెండింతలు మంట, పొక్కులు. ఖమ్మంలో చర్మం డాక్టరు ట్యూబు చూసి తల పట్టుకున్నాడు. అది సింగారం క్రీము కాదు, స్టెరాయిడ్ మందు. చర్మజబ్బుకి కొద్దిరోజులు, డాక్టరు చెప్పినంతే వాడాల్సింది. నెలల తరబడి మొహాన రాస్తే చర్మాన్ని తినేస్తుంది. అలాంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని ప్రభుత్వం 2018లో గట్టిగా చెప్పింది. మా చెల్లెలికి అది పదమూడేళ్ళు ఆలస్యం.

చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పెళ్ళి ఆపుదామంటే అబ్బా ఆరోగ్యం, కట్టిన అడ్వాన్సులు, పంచిన కార్డులు. పెళ్ళికూతుర్ని తయారుచేయాల్సింది నేనే. మధ్యాహ్నం జొహర్ తర్వాత నికా, రాత్రి ఇషా తర్వాత జల్వా. ఎనిమిది గంటలు నిలవాలి. కందిన చర్మం మీద, మే ఎండలో, రేకుల షెడ్డు కింద!

అప్పటిదాకా నేర్చుకున్నదంతా ఆ రోజు పరీక్షకొచ్చింది. చిక్సా పూయనివ్వలేదు, నలుగు పెట్టనివ్వలేదు. అమ్మీ బాధపడింది. పెళ్ళి ముందు వారంలో చర్మానికి కొత్తది ఏదీ అలవాటు చెయ్యకూడదు, పాడైన చర్మానికి అసలే కూడదు. పొద్దున చల్లటి నీళ్ళతో కడిగించి రుద్దకుండా అద్ది తుడిచాను. ఐసు ముక్క మల్‌మల్ బట్టలో చుట్టి, ఒకచోట ఆపకుండా కాసేపు అద్దాను. డాక్టరిచ్చిన తడి క్రీము పల్చగా రాసి పది నిమిషాలు ఆగాను. చెమట కదా, క్రీమెందుకని చాలామంది అది మానేస్తారు. ఎండిన చర్మం ఫౌండేషన్‌లో తడిని పీల్చేస్తుంది, మధ్యాహ్నానికి బీడుభూమిలా పగుళ్ళు తేలతాయి. ముందు చర్మానికి తాగిస్తే తర్వాత పూసింది కుదురుగా కూచుంటుంది.

ఫౌండేషన్ రంగు మణికట్టు మీద చూడకూడదు. దవడ కింద, పగటి వెలుతుర్లో చూడాలి. మెడకీ మొహానికీ తేడా రాకూడదు. తెలుపు కోసం రెండు రంగులు పైది పూస్తే, చెమటా నూనే కలిసి సాయంత్రానికి మొహం బూడిద రంగుకి తిరుగుతుంది. ఫోటోలో మొహం ఒకరిది, మెడ ఒకరిది. తడిపి పిండిన స్పాంజితో పామకుండా నొక్కుతూ ఒక్క పల్చటి పొర వేశాను. అది కుదురుకునేదాకా ఆగాను. కందిన చోట మాత్రమే ఇంకొంచెం. పౌడరు ముక్కు మీద, నుదుటి మధ్య, గడ్డం మీద అంతే. బుగ్గ ఎముకల మీద వెయ్యలేదు. మెరుపు అక్కడే ఉంటుంది, దాన్ని పౌడరుతో చంపకూడదు. మనం పెట్టే మెరుపు కాదది, చర్మం ఇచ్చేది.

ఇప్పుడైతే సెట్టింగ్ స్ప్రే అని దొరుకుతుంది. నీళ్ళలో కలిపిన జిగురు పదార్థం ఆరాక కంటికి కనపడని సన్నటి పొర కడుతుంది. చాలామంది గులాబ్ జల్ కొడితే అదే పని చేస్తుందనుకుంటారు. చెయ్యదు. పౌడరు తెల్లదనాన్ని కాస్త కలిపేస్తుంది, అంతే. ఆ రోజు నా దగ్గర గులాబ్ జలే ఉంది, అదే చిలకరించాను. చెమట పడితే మెత్తటి కాగితంతో అద్దాను. చెమట మీద పౌడరు వేస్తే పిండి ముద్దవుతుంది, తుడిస్తే పొర లేస్తుంది. అద్దాలి.

అంతా కలిపి గంటన్నర. అద్దంలో చూసుకుని చెల్లెలు మొదటిసారి నవ్వింది. నికా అయింది. అత్తవారు మెచ్చుకున్నారు. "మాషాల్లా, చెహరే పే క్యా నూర్ హై!" అన్నారు. నా గుండె కుదుటపడింది.

సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినపడింది. చెల్లెలు లేచింది. వుజూ చేసుకోవాలంది.

ఇక్కడ తెలియనివాళ్ళకి ఒక మాట. నమాజుకి ముందు మొహం, మోచేతుల దాకా చేతులు, పాదాలు నీళ్ళతో కడుక్కోవాలి. నీళ్ళు చర్మాన్ని తాకాలి. మధ్యలో పొర ఉండకూడదు. అందుకే గోళ్ళ రంగు ఉంటే కుదరదంటారు పెద్దలు. మెహందీ ఉంటే కుదురుతుంది. ఎందుకంటే మెహందీ చర్మంలోకి ఇంకిన రంగు, గోళ్ళ రంగు మీద పరిచిన పొర. మా పెళ్ళికూతుళ్ళు చాలామంది ఆ ఒక్కరోజు మేకప్పు పోతుందని నమాజు వదిలేస్తారు, లేదా మధ్యాహ్నం చేసిన వుజూనే రాత్రి దాకా కాపాడుకోవాలని నీళ్ళు కూడా తాగకుండా కూచుంటారు.

నేను చెల్లెలి చెయ్యి పట్టుకున్నాను. "నక్కో, ఇంకా జల్వా ఉంది. ఇప్పుడు కడిగితే అంతా బయటపడుతుంది" అన్నాను. అందరి ముందు కాదు, చెవిలో.

చెల్లెలు కూడా మెల్లగానే అంది. "ఎవరో కొంగు తడిపి రుద్దేదాకా ఎందుకు ఆపా? నేనే కడుక్కుంటా."

తనకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజు గదిలో మూల కూచుని అన్నీ చూసిందని నాకు అప్పటిదాకా తెలీదు.

బావి గట్టు మీద బిందె ముందు కూచుని మొహం కడుక్కుంది. గంటన్నర పని మూడు దోసిళ్ళ నీళ్ళలో పోయింది. నమాజు చదివి వచ్చింది. ట్యూబులైటు కింద ఎర్రగా కందిన బుగ్గలు అందరూ చూశారు. అత్తగారు దగ్గరికొచ్చి "ధూప్ సే హువా క్యా?" అంది. ఎండ వల్లేమోనని ఒక దారి ఇచ్చిందామె. చెల్లెలు తీసుకోలేదు. "నక్కో అమ్మీ, క్రీమ్ సే" అంది. మళ్ళీ ఫౌండేషన్ వద్దంది. డాక్టరిచ్చిన క్రీము రాసి, కాటుక పెట్టి, పెదాలకి కొంచెం రంగేసి, పాపిట్లో అఫ్షాన్ అద్దాను. ఐదు నిమిషాల పని.

జల్వాలో ఇద్దరి తలల మీదా ఎర్రటి దుపట్టా కప్పి మధ్యలో అద్దం పెట్టారు. మా మరిది ఆ అద్దంలో చెల్లెలి మొహం అలా చూశాడు. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. చెల్లెలు ఇప్పటికీ చెప్పదు. చుట్టాల్లో గుసగుసలు నడిచాయి. పెళ్ళి మాత్రం నిలిచింది. బుగ్గలు మామూలు కావడానికి ఏడాదిన్నర పట్టింది. తన చామన రంగు తనకి తిరిగొచ్చింది.

ఖయామత్ రోజున వుజూ నీళ్ళు తాకిన చోట్లు వెలుగుతాయని అమ్మీ చెప్పేది. చిన్నప్పుడు అది దీనీ మాట అనుకున్నాను. ఆ రాత్రి బావి దగ్గర చెల్లెల్ని చూశాక అది మొహాల గురించి కూడా అనిపించింది.

*

నా దగ్గర అప్పుడు మిగిలిన ట్యూబులన్నీ పెంటకుప్పలో పడేశాను. ఆ నలుగురి ఇళ్ళకీ వెళ్ళి చెప్పాను. ఇద్దరు తిట్టారు, ఒకామె తలుపేసింది, ఒకామె మాత్రం డాక్టరు దగ్గరికి వచ్చింది. ఆ రోజు నుంచి తెల్లబరిచే క్రీము నా షాపులో లేదు. గిరాకీ కొంత పోయింది. 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో గ్లో అండ్ లవ్‌లీ అని పేరు మార్చుకుంది. డబ్బా మీద తెలుపు పోయి మెరుపు వచ్చింది. కానీ నా కుర్చీ వెనక నిలబడే తల్లులు ఇంకా అదే అడుగుతారు. "కొంచెం రెండు రంగులు తెల్లగా వెయ్యమ్మా."

అమ్మీ పోయి ఆరేళ్ళవుతోంది. ఆమె రోలు షాపులో మూల పెట్టుకున్నాను. "పొర పల్చగా ఉండాలె బేటీ, కింద పిల్ల కనపడాలె" అనేది. మేకప్పు గురించే అనేది. పౌడరు మీద పౌడరు అద్దిన ఆ 1991 రోజున మాత్రం తన మాట తనే మర్చిపోయింది. భయం అలాంటిది. బస్సులో "మేం కల్లూరోళ్ళం" అన్నప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు. నుదుటి మీది బిళ్ళ ఊడినా, సంచిలోని బురఖా కట్టినా, ఆ జవాబు మారదు. అది పూసుకున్నది కాదు, మెహందీలాగా లోపలికి ఇంకింది.

మొన్న ఎండాకాలం ఒక పిల్ల వచ్చింది. చామన రంగు, పెద్ద కళ్ళు. తల్లి వెనక నిలబడి రెండు రంగులు పైది వెయ్యమని గొడవ చేసింది. నేను పిల్ల రంగుదే వేశాను. అంతా అయ్యాక తల్లి మొహం ముడుచుకుంది. "ఇంత డబ్బు తీసుకుని ఉన్న రంగే వేశావేందమ్మా?" అంది.

నేను దూది తడిపాను. పిల్ల దవడ మీద మెల్లగా తుడిచి తల్లిని దగ్గరికి పిలిచాను.

"చూడండమ్మా. కిందా ఇదే, పైనా ఇదే. ఎవరు ఎంత రుద్దినా మీ పిల్ల తలదించుకోనక్కర్లేదు" అన్నాను.

ఆ తల్లి దూది వంకా, పిల్ల వంకా చూసింది. ఒప్పుకుందో లేదో తెలీదు. పిల్ల మాత్రం అద్దంలోంచి నా వంక చూసి, తుడిచిన చోట తనే స్పాంజి పెట్టి అద్దుకుంది. పల్చగా.